వెన్నుపూస కుంగినప్పుడు: సిమెంటు పెట్టించాలా, ఆగాలా

అరవై దాటినవాళ్లు బస్సులో చివరి సీటులో కూర్చోకూడదు. స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరినప్పుడు అందరికంటే ఎత్తుకు లేచి, అందరికంటే గట్టిగా కిందపడేది ఆ సీటువాళ్లే. ఆ కుదుపుకి నడుములో ఏదో కలుక్కుమంటుంది. ఇల్లు చేరేదాకా ఎలాగో ఓర్చుకుంటారు, మర్నాడు పొద్దున మంచం దిగలేరు. బస్సే ఎక్కనక్కర్లేదు. నిండు బిందె వంగి ఎత్తినా, గ్యాస్ సిలిండర్ జరిపినా, బాత్రూంలో జారి కూలబడినా ఇదే జరగొచ్చు. ఎముకలు బాగా గుల్లబారినవాళ్లకు గట్టిగా తుమ్మినా చాలు.

ఇంట్లో అందరూ మొదట అనేది ‘నడుం పట్టేసింది’ అనే. జండూబామ్ రాస్తారు, వేడి కాపడం పెడతారు. వారం గడిచాక ఎక్స్‌రే తీయిస్తే ‘డి12 కంప్రెషన్ ఫ్రాక్చర్’ అనో, ‘ఎల్1’ అనో రాసి ఇస్తారు. పక్కటెముకలతో బిగుసుకుని ఉండే వీపు పూసలు, అటూ ఇటూ వంగే నడుము పూసలు కలిసే చోటు అది. బరువంతా అక్కడే పడుతుంది కాబట్టి ఎక్కువగా కుంగేవి ఆ రెండే. పూస ముందు భాగం నలిగి ఎత్తు తగ్గుతుంది, వెనక భాగం మామూలుగానే ఉంటుంది. ఇలా రెండు మూడు పూసలు నలిగాయంటే మనిషి ముందుకు వంగిపోతాడు. ముసలితనంతో వచ్చిందనుకునే గూని చాలామందిలో ఇలా వచ్చినదే.

ఫ్రాక్చర్ అన్న మాట వినపడగానే ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. ‘వెన్నెముక ఆపరేషనా? వద్దే వద్దు, కాళ్లు పడిపోతాయి’ అనేది ఒక పక్షం. ‘సూదితో సిమెంటు ఎక్కిస్తారట, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చట, రేపే చేయించేద్దాం’ అనేది రెండోది. మొదటిది లేనిపోని భయం, రెండోది అక్కర్లేని తొందర. ఈ చికిత్స నిజంగా చిన్నదే. ఎవరికి, ఎప్పుడు చేయించాలన్న నిర్ణయం మాత్రం చిన్నది కాదు. అమ్మకో, మామగారికో, మీకో ఆ నిర్ణయం తీసుకోవాల్సి వస్తే చేతిలో ఏమేం ఉండాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

నొప్పి ఆ పూసదేనా?

అడగక్కర్లేని ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పూస విరిగిన నొప్పికి ఒక తీరు ఉంటుంది. కదలకుండా పడుకుంటే తగ్గుతుంది. పక్కకు తిరిగినా, పడుకుని లేచినా ప్రాణం పోయినంత పనవుతుంది. వీపు మధ్యన ఒకే చోట వేలితో తడితే కలుక్కుమంటుంది. కొందరికి ఆ నొప్పి పక్కటెముకల వెంట పొట్ట మీదికి పాకుతుంది. దాన్ని గ్యాస్ అనుకుని పది రోజులు గ్యాస్ బిళ్లలు మింగేవాళ్లున్నారు. పిరుదు నుంచి పిక్క దాకా తీగలా లాగే నొప్పి మాత్రం సాధారణంగా దీనిది కాదు, అది డిస్క్ నొక్కుడు.

ఎక్స్‌రేలో పూస ఆకారం తెలుస్తుంది, వయసు తెలియదు. అయిదేళ్ల కింద కుంగి, తనంతట తానే అతుక్కున్న పూస కూడా ఫిల్మ్‌లో ఇలాగే కనిపిస్తుంది. వెన్నుపూసలు విరిగినవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందికి ఆ సంగతే తెలియదు. నొప్పి లేకుండానో, మామూలు నడుం నొప్పి లెక్కలోనో అది గడిచిపోతుంది. పాత పూసను చూసి కొత్త నొప్పికి సిమెంటు ఎక్కిస్తే ప్రయోజనం సున్నా. అందుకే ఎంఆర్ఐ కావాలి. అందులో ‘స్టిర్’ అనే వరస చిత్రాలుంటాయి. విరుగు తాజాదైతే పూసలో చేరిన నీరు వాటిలో తెల్లగా మెరుస్తుంది, అతుక్కుపోయిన పాత పూస మెరవదు. పేస్‌మేకర్ ఉండి ఎంఆర్ఐ కుదరనివాళ్లకు సీటీతో పాటు బోన్ స్కాన్ చేస్తారు. సిమెంటు మాట ఎవరు ఎత్తినా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ‘స్టిర్‌లో ఈ పూస తెల్లగా ఉందా డాక్టర్‌గారూ?’

రెండో సంగతి ఇంకా ముఖ్యం. కుంగిన ప్రతి పూసా ఎముకలు గుల్లబారడం వల్లే కుంగదు. మన దేశంలో వెన్నుపూసకు టీబీ రావడం అరుదేమీ కాదు. మల్టిపుల్ మైలోమా అనే మజ్జ క్యాన్సర్ చాలామందిలో నడుం నొప్పిగానే బయటపడుతుంది. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తుల క్యాన్సర్లు వెన్నులోకి పాకుతాయి. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, గతంలో క్యాన్సర్ ఉండటం, కారణం తెలియని రక్తహీనత, రక్తపరీక్షలో ఈఎస్ఆర్ బాగా పెరగడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సిమెంటు సంగతి పక్కనపెట్టి ముందు కారణం తేల్చాలి. టీబీ సాధారణంగా రెండు పూసల మధ్య డిస్క్‌ను కూడా తినేస్తుంది. గుల్లబారి కుంగినప్పుడు డిస్క్ చెక్కుచెదరదు. ఎంఆర్ఐ చదివే డాక్టర్ ఈ తేడా చూస్తారు. చీము ఉన్న పూసలో సిమెంటు ఎక్కించడం పెద్ద ప్రమాదం.

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా తెల్లవారేదాకా ఆగకండి. ఆ రాత్రికి రాత్రే వెన్నెముక సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. నరాల మీద ఎముక ముక్క నొక్కుతుంటే దానికి చేసే ఆపరేషన్ వేరు, సూదితో పని జరగదు.

మొదటి వారాలు

చాలా పూసలు ఆరు నుంచి పన్నెండు వారాల్లో వాటంతటవే అతుక్కుంటాయి, నొప్పీ తగ్గుతుంది. అలాగని కళ్లు మూసుకుని ఓర్చుకోమని కాదు. ఈ కాలాన్ని ఎలా గడిపారన్నదాన్ని బట్టే తర్వాత చాలా తేలుతుంది.

మొదటి రెండు మూడు రోజులు పడుకోవచ్చు, అంతకు మించి వద్దు. మంచాన పడ్డ ముసలి మనిషికి ఎముక ఇంకా పలచబడుతుంది, తొడల కండ కరుగుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. నొప్పి బిళ్ల వేసుకున్న అరగంట తర్వాత పట్టుకుని నాలుగడుగులు వేయించండి. బిళ్లల్లో పారాసెటమాల్‌తో మొదలుపెట్టడం మేలు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే ఘాటైన నొప్పి మాత్రలు షుగరు, బీపీ ఉన్నవాళ్ల కిడ్నీలకు మంచివి కావు.

లేచే పద్ధతి ఇంట్లో అందరికీ తెలియాలి. వెల్లకిలా పడుకున్న మనిషిని చేతులు పట్టి లాగి కూర్చోబెట్టడం మనందరికీ అలవాటు. నలిగిన పూసకు అంతకంటే అన్యాయం లేదు. ముందు భుజం, తుంటి ఒకేసారి కదిలేలా పక్కకు దొర్లాలి. కాళ్లు మంచం కిందికి జారవిడవాలి. అప్పుడు చేత్తో పరుపును నొక్కి పైకి లేవాలి. నడుము ఎక్కడా మడత పడకూడదు. చాప మీద పడక, పీట మీద స్నానం, గొంతుకూర్చునే దొడ్డి మూడూ కొన్నాళ్లు బంద్. ఎత్తు మంచం, స్టూలు, కమోడ్ కుర్చీ అమర్చండి. మెడికల్ షాపులో దొరికే సాగే బెల్టుతో ఈ పూసకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. వీపును నిటారుగా పట్టి ఉంచే టేలర్ బ్రేస్ లాంటిది కొలత తీసుకుని ఇస్తారు. అది కూర్చున్నప్పుడు, నడిచినప్పుడు వేసుకోవాలి, పడుకున్నప్పుడు తీసేయాలి.

మాలిష్ వద్దు. నడుము తొక్కించుకోవడం, నాటువైద్యుడితో విరిపించుకోవడం అసలే వద్దు. ముందుకు వంగి కాలివేళ్లు అందుకునే ఆసనాలు కూడా ఈ ఎముకలకు పనికిరావు.

సూదితో సిమెంటు

ఈ చికిత్స ఫ్రాన్స్‌లో పుట్టింది. 1984లో అమియెన్ నగరంలో పియెర్ గాలిబెర్, హెర్వే దెరమాన్ అనే వైద్యులు, మెడ పూసలో రక్తనాళాల గడ్డతో తీవ్రమైన నొప్పి పడుతున్న ఒకావిడకు సూదితో ఆ పూసలోకి ఎముక సిమెంటు ఎక్కించారు. నొప్పి తగ్గింది. ఆ తర్వాత గుల్లబారి కుంగిన పూసలకూ అదే పద్ధతి వాడుకలోకి వచ్చింది. దాని పేరు వర్టిబ్రోప్లాస్టీ. 1990ల చివర్లో అమెరికాలో మార్క్ రీలీ అనే ఆర్థోపెడిక్ సర్జన్ దానికో మార్పు చేశారు. ముందు పూస లోపల చిన్న బెలూన్ ఉబ్బించి చోటు చేసి, ఆ ఖాళీలో సిమెంటు నింపడం. దాన్ని కైఫోప్లాస్టీ అంటున్నారు.

సిమెంటు అనగానే ఇల్లు కట్టే సిమెంటు అనుకోనక్కర్లేదు. ఇది అక్రిలిక్. తుంటి కీలు మార్పిడిలో లోహాన్ని ఎముకకు అతికించడానికి దశాబ్దాలుగా వాడుతున్న పదార్థమే. పొడి, ద్రవం కలిపితే కాసేపటికి టూత్‌పేస్టులా చిక్కబడుతుంది, ఆ పదునులోనే ఎక్కించాలి. పలచగా ఉంటే పగుళ్లలోంచి కారిపోతుంది, ఆలస్యమైతే సూదిలోనే గడ్డకడుతుంది.

పేషెంటును బోర్లా పడుకోబెడతారు. చాలాచోట్ల పూర్తి మత్తు ఇవ్వరు, చర్మానికీ ఎముక పొరకూ మొద్దుబారే మందు, కాస్త నిద్ర మందు ఇస్తారు. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద పూసను ఎప్పటికప్పుడు చూపిస్తుంటుంది. వీపు వెనక నుంచి పూసలోకి దారి చూపే ఎముక స్తంభం గుండా సూది లోపలికి పోతుంది. పూసకు 2 నుంచి 6 మిల్లీలీటర్ల దాకా సిమెంటు పడుతుంది. ఒక పూసకైతే పని గంటలోపే అయిపోతుంది. తర్వాత ఒకటి రెండు గంటలు కదలకుండా పడుకోబెట్టి, నడిపించి చూస్తారు. అదే రోజో మర్నాడో ఇంటికి. కుట్లు ఉండవు, సూది పడిన చోట చిన్న ప్లాస్టర్ ఉంటుంది.

ప్రమాదాలు అరుదే, కానీ తెలుసుకుని ఉండాలి. సిమెంటు పూస దాటి కొంచెం కారడం తరచుగా జరిగేదే, చాలాసార్లు ఏమీ కాదు. అరుదుగా నరాల వైపు కారితే కాలి నొప్పి, బలహీనత రావచ్చు. సిరల్లోంచి ఊపిరితిత్తులకు చేరిన సందర్భాలూ ఉన్నాయి. ఇన్ఫెక్షన్ రావడం ఇంకా అరుదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పి తీరాలి. ఎన్నాళ్ల ముందు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో గుండె డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని చెప్పాలి. మీకు మీరే ఆపేయకండి.

ఒకటి గట్టిగా అడగండి. సూది పూసలోకి వెళ్లాక, సిమెంటుకు ముందు అదే దారిలో చిన్న ఎముక ముక్క తీసి బయాప్సీకి పంపొచ్చు. కారణం మీద రవ్వంత అనుమానం ఉన్నా ఆ అవకాశం వదులుకోకూడదు.

ఇంతకీ పనిచేస్తుందా?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవాలి. సిమెంటు ఎక్కించుకుని మర్నాడే నడిచానని చెప్పేవాళ్లు మీ బంధువుల్లోనే ఉంటారు. వాళ్లు చెప్పేది నిజమే. ఆ నొప్పి తగ్గింది సిమెంటు వల్లేనా అన్నదే ప్రశ్న. విరిగిన పూస ఎలాగూ నయమవుతుంటుంది. నొప్పి పతాకస్థాయిలో ఉన్నప్పుడే ఆసుపత్రికి పరిగెడతాం కాబట్టి ఆ తర్వాత ఏం చేసినా తగ్గినట్టే కనిపిస్తుంది.

దీన్ని తేల్చడానికి డాక్టర్లు ఒక చిత్రమైన పరీక్ష పెట్టారు. కొందరికి నిజంగా సిమెంటు ఎక్కించారు. మిగతావాళ్లకు ఉత్తుత్తి చికిత్స చేశారు: బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మొద్దుబారే మందు ఇచ్చి, వీపు మీద నొక్కి, నమ్మకం కుదరడానికి గదిలో సిమెంటు ఘాటు వాసన కూడా వచ్చేలా చేశారు. ఎవరికి ఏది జరిగిందో పేషెంట్లకు తెలియదు. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇలాంటివి రెండు అధ్యయనాలు ఒకేసారి అచ్చయ్యాయి. ఆస్ట్రేలియా అధ్యయనంలో 78 మంది, అమెరికా నుంచి నడిపినదాంట్లో 131 మంది ఉన్నారు. రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, దాదాపు సమానంగా తగ్గింది. అప్పటిదాకా వేలమందికి చేసిన చికిత్స మీద అది పెద్ద దెబ్బ.

సిమెంటు పక్షంవాళ్లు ఊరుకోలేదు. ఆ అధ్యయనాల్లో నెలల కిందటి ఫ్రాక్చర్లు కూడా చేర్చారన్నారు, అది నిజమే. 2016లో లాన్సెట్‌లో వచ్చిన వేపర్ అనే ఆస్ట్రేలియా అధ్యయనం ఫ్రాక్చర్ అయి ఆరు వారాలు దాటని, నొప్పికి పదికి ఎన్ని మార్కులని అడిగితే ఏడు లేదా అంతకు మించి చెప్పిన 120 మందిని మాత్రమే తీసుకుంది. రెండు వారాలకు నొప్పి నాలుగు లోపుకి దిగినవాళ్లు సిమెంటు గుంపులో 44 శాతం, ఉత్తుత్తి గుంపులో 21 శాతం. గొడవ తేలిందనుకునేలోపు 2018లో నెదర్లాండ్స్ నుంచి వర్టోస్-4 వచ్చింది. అవీ తాజా ఫ్రాక్చర్లే, 180 మంది. ఏడాది పొడవునా చూసినా సిమెంటుకూ ఉత్తుత్తికీ తేడా కనిపించలేదు. 2019లో అమెరికా ఎముకల పరిశోధన సంఘం కమిటీ దీన్ని అందరికీ మామూలుగా చేయడానికి ఆధారాలు లేవంది. బ్రిటన్‌లో చికిత్సల మీద మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ మాత్రం 2013లోనే, మందులన్నీ వాడినా తీవ్రమైన నొప్పి తగ్గని తాజా ఫ్రాక్చర్లకు చేయొచ్చని చెప్పి ఉంది.

నిపుణులే ఒక మాట మీద లేని చోట మనమేం చేయాలి? నా లెక్క ఇది. బిళ్లలతో ఓర్చుకోగలుగుతూ, రోజురోజుకీ ఒక అడుగు ఎక్కువ వేయగలుగుతున్న మనిషికి సిమెంటు అక్కర్లేదు. రెండు మూడు వారాలు మందులు సరిగా వాడినా మంచం దిగలేకపోతూ, నొప్పి మందులకు మగతగా పడి ఉంటూ, ఊపిరితిత్తులు బరువెక్కే పరిస్థితికి చేరువవుతూ, ఎంఆర్ఐలో పూస తెల్లగా మెరుస్తుంటే అక్కడ సిమెంటుకు న్యాయం ఉంది. క్యాన్సర్ వల్ల కుంగిన పూసల లెక్క వేరు, వాళ్లకు త్వరగానే ఆలోచిస్తారు. మూడు నాలుగు నెలలు దాటి, పూస అతుక్కున్నాక చేయించడం దండగ. నొప్పి లేని పూసను ‘ముందు జాగ్రత్తగా’ నింపుతామంటే లేచి వచ్చేయండి.

బెలూన్ కావాలా, మామూలుది చాలా అన్నది తర్వాతి ప్రశ్న. బెలూన్‌తో పూస ఎత్తు కొంత పెరగొచ్చు, సిమెంటు కారడం తక్కువ. నొప్పి తగ్గే విషయంలో రెంటికీ పెద్ద తేడా లేదు. బెలూన్ కిట్ ఒక్కసారికే పనికొస్తుంది, బిల్లు ఎందుకంత పెరిగిందో అక్కడే తెలుస్తుంది. ఎస్టిమేట్ కాగితంలో కిట్ ధర విడిగా రాయించుకోండి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే కలిసి, ఈ చికిత్స ఆ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. నెట్‌వర్క్ ఆసుపత్రి అన్నంత మాత్రాన ప్రతిదీ ఉచితం కాదు.

సిమెంటు తర్వాత మొదలయ్యే పని

నా దృష్టిలో ఈ అధ్యాయంలో అన్నింటికంటే ముఖ్యమైన భాగం ఇదే, ఇళ్లలో గాలికి వదిలేసేదీ ఇదే. సిమెంటు ఒక పూసను గట్టిపరుస్తుంది. మిగతా పూసలు, తుంటి, మణికట్టు నిన్న ఎంత గుల్లగా ఉన్నాయో ఇవాళా అంతే. ఒక పూస విరిగిన ఆడవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఏడాదిలోపే ఇంకో పూస విరుగుతుంది. డిశ్చార్జి కాగితంలో కాల్షియం బిళ్ల ఒక్కటే రాసి పంపారంటే వైద్యం సగంలో ఆగినట్టే. ‘ఎముకల మందు ఏది మొదలుపెడుతున్నారు?’ అని అడగండి.

మన రాష్ట్రాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ముప్ఫైల్లోనే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఆ రోజే ఆగిపోతుంది, ఎముకల క్షయం పదిహేనేళ్లు ముందే మొదలవుతుంది. అమ్మకు ఆ ఆపరేషన్ ఏ వయసులో జరిగిందో, అండాశయాలు ఉంచారో తీశారో ఎముకల డాక్టర్‌కు చెప్పండి. ఆయాసానికో కీళ్లనొప్పులకో ఏళ్ల తరబడి స్టెరాయిడ్ బిళ్లలు వాడి ఉంటే అదీ చెప్పండి. పేరు లేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మేవాళ్లున్నారు, అలాంటి పొడి వాడుతుంటే దాన్నీ పట్టుకెళ్లి చూపించండి. మగవాళ్లకు ఇది రాదనుకోవద్దు. స్టెరాయిడ్లు, మద్యం, వయసు వాళ్లనూ వదలవు.

మందుల్లో తేలికైనది వారానికొక అలెండ్రోనేట్ బిళ్ల. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగాలి, కాఫీతో కాదు. అరగంట పాటు పడుకోకూడదు, ఏమీ తినకూడదు. ఈ నియమం పాటించలేనివాళ్లకు ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్‌లా ఎక్కిస్తారు. మొదటిసారి ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, కంగారుపడకండి. దానికి ముందు కిడ్నీ పరీక్ష చేయించాలి, పళ్లు పీకించుకోవాల్సినవి ఉంటే ఆ పనీ పూర్తిచేసుకోవాలి. పూసలు వరసగా విరుగుతున్నవాళ్లకు ఎముకను కొత్తగా కట్టే టెరిపారటైడ్ ఇంజెక్షన్ రోజూ ఇస్తారు, రెండేళ్ల లోపే. అది ఆపాక ఇంకో మందు అందుకోకపోతే సంపాదించినదంతా పోతుంది. డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఆరు నెలలకొకసారి. ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్ర ఇంకుతో రాసుకోండి. చెప్పకుండా మానేస్తే కొన్ని నెలల్లోనే పూసలు ఒకేసారి పలుచోట్ల విరిగే ప్రమాదముంది.

విటమిన్ డి విషయంలో ఒక హెచ్చరిక. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ వారానికి ఒకటి అని రాస్తారు. అది రోజుకొకటి తాగి కాల్షియం పెరిగిపోయి, వాంతులతో, కిడ్నీ దెబ్బతో ఆసుపత్రిలో చేరినవాళ్లున్నారు. చీటీ మీద ‘వారానికి’ అన్న మాట తెలుగులో రాయించుకోండి.

సిమెంటు ఎక్కించాక రెండు మూడు నెలలకు మళ్లీ కొత్తగా నొప్పి వచ్చిందనుకోండి. ‘సిమెంటు కదిలిపోయిందేమో’ అని ఇంట్లో అంటారు. ఎక్కువసార్లు అది పై పూసో కింది పూసో కొత్తగా కుంగడం. వెంటనే ఎక్స్‌రే తీయించండి. పాత ఫిల్ములు, ఎంఆర్ఐ సీడీ, సిమెంటు తర్వాత తీసిన ఎక్స్‌రే అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఏ పూస ఎప్పుడు కుంగిందో ఎక్స్‌రేలో ఎంత పెద్ద డాక్టరైనా చెప్పలేరు.